కంటి మంట – నేతపనివారు తెలిసికొనవలసిన సంగతులు

మన వృత్తిలో కాలికి, చేతికి ఎంత పని ఉన్నదో కంటికి అంతకంటె ఎక్కువ పని ఉన్నది. పోగు తెగితే ముందు తెలిసికొనేది కన్ను. అచ్చులో పోగు తప్పినా, అంచు వంకర పోయినా, రంగు తేడా వచ్చినా పట్టుకొనేది కన్ను. అయినా చేయి వాస్తే పని మానుకొని ఇంట కూర్చుంటాము గాని, కన్ను మండితే మానము. “వేడి చేసింది”, “దుమ్ము పడింది”, “నిద్ర చాలలేదు” అని ఏదో ఒక మాట అనుకొని, చెంబెడు చన్నీళ్లు చల్లుకొని మళ్లీ మగ్గం దగ్గరకు పోతాము. నేనూ అట్లాగే ఎనిమిదేండ్లు గడిపినాను. దానివల్ల నాకు కలిగిన నష్టం మన సోదరులలో మరియొకరికి కలుగకూడదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మాది షోలాపూరు. తాతల కాలంలో తెలంగాణ నుండి మగ్గం పని వెతుక్కొంటూ వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. చిన్నతనంలో మా పెద్దనాయన దగ్గర గుంటమగ్గం మీద పని నేర్చుకొన్నాను. తరువాత మరమగ్గాల మీద చద్దర్లు, తువాళ్లు నేసినాను. నా నలుబది నాలుగవ ఏట కన్నులు మండడం మొదలైంది. ప్రొద్దున బాగానే ఉండేది. మధ్యాహ్నం దాటేసరికి రెప్పల క్రింద ఇసుక పోసినట్లు గరగరలాడేది. రెప్పల అంచులు ఎర్రబడి వాచేవి. నిద్ర లేచేసరికి పుసులు కట్టి రెప్పలు అతుక్కొని ఉండేవి. చూపు మసకబారేది; నాలుగుసార్లు రెప్ప కొడితే మళ్లీ తేటపడేది. విచిత్రమేమంటే, కాస్త గాలి తగిలితే చాలు, కన్నీరు ధారగా కారేది.

చుక్కల మందు చేసిన కీడు

ఆరేండ్లు ఓర్చుకొని, చివరకు మందుల అంగడిలో అడిగితే ఒక చిన్న సీసా ఇచ్చినారు. మూడు రోజులలో ఎరుపు పోయింది, మంట పోయింది. ఇంత సులువైన మందు ఉండగా ఇన్నాళ్లు ఎందుకు బాధపడినానా అనుకొన్నాను. మానితే మళ్లీ మంట వచ్చేది, వేస్తే పోయేది. ఒక సీసా అయిపోతే మరొకటి. మా సాంచాల షెడ్డులో పదిమందికి ఆ సీసా పేరు నేనే చెప్పినాను. రెండేండ్లు అట్లా గడిచింది.

ఒకనాడు ఎడమ ప్రక్కనుండి వస్తున్న సైకిలు కనబడక తగిలి పడినాను. అప్పుడు మా వాళ్లు బలవంతం చేసి పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోయినారు. డాక్టరమ్మ పరీక్ష చేసి కంటి లోపలి ఒత్తిడి 34 ఉన్నదన్నారు. సాధారణంగా అది 10కి, 21కి నడుమ ఉంటుంది. నేను జేబులోనుండి సీసా తీసి చూపినాను. అది స్టిరాయిడు మందు. వాపును, ఎరుపును త్వరగా అణచుతుంది. కాని చాలాకాలం వాడితే కొందరికి నొప్పి, సూచన ఏమీ లేకుండానే కంటిలో ఒత్తిడి పెంచి, నీటికాసులు తెచ్చి, చూపునరాన్ని చెడగొడుతుంది. శుక్లం కూడా తెస్తుంది. వైద్యుని చీటీ లేనిదే అమ్మకూడని మందు అది. నా ఎడమకంటి ప్రక్కచూపు కొంత పోయింది. నీటికాసులవల్ల పోయిన చూపు తిరిగి రాదు.

ఆ మరునాడే షెడ్డులోని పదిమందినీ వెతుక్కొంటూ వెళ్లి సంగతి చెప్పినాను. వారిలో ఇద్దరికి ఒత్తిడి పెరిగి ఉన్నది. సకాలంలో మందు మానినందున వారి చూపు దక్కింది. నా మాట విని వారు ఆ మందు వేసికొన్నారన్న సంగతి మాత్రం నాకు మరపు రాదు.

స్టిరాయిడు మందే చెడ్డదని కాదు. కంటి వైద్యుడు అవసరమని చెప్పి, కొద్ది దినాలకు వ్రాసి, ఒత్తిడి చూస్తూ వాడిస్తే అదీ మంచి మందే. అడిగి కొనుక్కొని, మనంతట మనం వేసికోవడమే ప్రమాదం.

తడి లేదంటే ఏమి?

అసలు జబ్బు కన్ను పొడిబారడం అన్నారు. “నా కంట నీళ్లు కారుతుంటే తడి లేదంటారేమమ్మా?” అని అడిగినాను. “కారే నీరు వేరు, నిలిచే తడి వేరు. మీ కంట తడి నిలవడం లేదు. మంట పుట్టినప్పుడు నీరు ఒక్కసారిగా వచ్చి జారిపోతున్నది” అని చెప్పినారు.

ఆమె వివరించిన తీరు వింటుంటే నాకు పడుగు గుర్తుకు వచ్చింది. గంజి పెట్టని పడుగు అచ్చులో రాసుకొని నూగు లేచి తెగిపోతుంది. వట్టి గంజి పెడితే ఎండి పెళుసెక్కుతుంది. అందుకే మన పెద్దలు గంజి పట్టిన పడుగుకు కాస్త నూనె చేయి తగిలించేవారు. కంటి సంగతీ అంతే. కనుగ్రుడ్డును అంటి జిగురుపొర, దానితో కలిసి నీరు, అన్నిటికీ పైన పలుచని నూనె పొర ఉంటాయి. నూనె ఉంటేనే నీరు త్వరగా ఆరిపోదు. ఈ నూనె రెప్పల అంచులలో వరుసగా ఉన్న సన్నని గ్రంథులలో పుడుతుంది. పై రెప్పలో 25 మొదలు 40 వరకు, క్రింది రెప్పలో 20 మొదలు 30 వరకు ఉంటాయి. 1666లో వీటిని వర్ణించిన జర్మను వైద్యుడు హైన్రిక్ మైబోమ్ పేరుమీద వీటిని మైబోమియన్ గ్రంథులంటారు. వీటిలో నూనె గడ్డకట్టి మూసుకొనిపోతే రెప్పల అంచులు వాస్తాయి, కంటి తడి ఆరిపోతుంది. పొడికన్ను బాధలో ఇది చాలామందికి ఉండే కారణం.

ఈ నూనెను, నీటిని కంటినిండా పూసేది రెప్ప. మామూలుగా నిమిషానికి 15 సార్లు వరకు రెప్ప కొడతాము. ఒకే వస్తువు మీద దృష్టి నిలిపితే అది సగానికో, ఇంకా తక్కువకో పడిపోతుంది. కొట్టినదీ సగమే మూతపడుతుంది. నడుస్తున్న పడుగును చూస్తూ కూర్చునేవారికి, అచ్చు అతికేవారికి, సెల్‌ఫోను చూసేవారికి కూడ ఇదే గతి. దీనికితోడు ఎదురుగా పంకా గాలి, షెడ్డులో దూది నూగు, బీడీ పొగ. వయస్సు పెరిగేకొద్దీ తడి తగ్గుతుంది. జలుబుకు, దురదకు వేసికొనే కొన్ని మాత్రలు కూడ కంటి తడిని తగ్గిస్తాయి. ఏ మాత్రలు వాడుతున్నామో డాక్టరుకు చెప్పవలెను.

పరీక్ష కష్టమైనది కాదు. 1903లో షిర్మర్ అనే వైద్యుడు చెప్పిన పద్ధతి ప్రకారం సన్నని కాగితపు ముక్కను క్రింది రెప్పలో తగిలించి 5 నిమిషాలు ఉంచుతారు. 10 మిల్లీమీటర్లు, ఆపైన తడిసితే మంచిది. 5కు తక్కువైతే నీరు బాగా తగ్గినట్లు. తరువాత పసుపుపచ్చని రంగు తగిలించి, నీలి వెలుతురులో చూస్తూ, రెప్ప కొట్టిన తరువాత తడిపొర ఎన్ని సెకండ్లకు చిట్లుతున్నదో లెక్కపెడతారు. 10 సెకండ్లకంటె ముందే చిట్లితే తడి నిలవడం లేదని అర్థం. నాకు కాగితం బాగానే తడిసింది గాని, పొర 4 సెకండ్లకే చిట్లింది. నీరు ఉన్నది, నూనె లేదు.

ప్రతిదినం చేయవలసిన పని

ఇది ఒక సీసాతో పోయే జబ్బు కాదు. ఒకసారి గంజి పెట్టిన పడుగుతో జీవితమంతా నేయలేము గదా! కంటికీ దినదినం సేవ చేయవలసిందే. నేను ఆరేండ్లుగా చేస్తున్నది ఇది.

మొదటిది కాపడం. వేడి చేసిందని చన్నీళ్లు చల్లుకొన్న కంటికి వేడి కాపడమే మందు కావడం నాకు ఆశ్చర్యం కలిగించింది. శుభ్రమైన తువాలు ముక్కను మణికట్టు ఓర్చేంత వేడినీటిలో ముంచి పిండి, మూసిన కన్నులమీద 5 నుండి 10 నిమిషాలు ఉంచవలెను. చల్లారినప్పుడెల్లా మళ్లీ ముంచవలెను. గడ్డకట్టిన నూనె దీనితో కరుగుతుంది. వెంటనే వ్రేలి కొనతో పై రెప్పను క్రిందికి, క్రింది రెప్పను పైకి, వెండ్రుకల అంచువైపు మెల్లగా నిమరవలెను. గ్రుడ్డును నొక్కకూడదు. తరువాత కాచి చల్లార్చిన నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డతో రెప్పల అంచులు తుడవవలెను. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి. నాకు గుణం కనబడడానికి ఆరు వారాలు పట్టింది.

రెండవది కృత్రిమ కన్నీటి చుక్కలు. ఇవి జబ్బును పోగొట్టవు, తడిని నిలుపుతాయి. మంట పుట్టిన తరువాత కాక, పుట్టకముందే వేసికోవలెను. రోజుకు నాలుగుసార్లకు మించి అవసరమైతే, నిలువ మందు కలపని చుక్కలు వ్రాసి ఇమ్మని అడగండి. సీసా చెడిపోకుండా కలిపే ఆ నిలువ మందే ఎక్కువైతే కంటిని ఒరుస్తుంది. ఎరుపును తెలుపు చేసే చుక్కలు వేరు. వాటిని అలవాటు చేసికొంటే మానినప్పుడు ఎరుపు ఇబ్బడిగా వస్తుంది.

మూడవది రెప్ప. నేను కండె మార్చినప్పుడెల్లా పదిసార్లు రెప్పలు పూర్తిగా మూసి తెరుస్తాను. అర నిమిషం కూడ పట్టదు. నడుస్తున్న మరమగ్గం ప్రక్కన కన్ను మూయరాదు. రెండడుగులు వెనుకకు జరిగి చేయవలెను. మూరల లెక్కన కూలి తీసికొనేవారికి ఆ అర నిమిషం కూడ బరువే. కాని తెగిన పోగు కనబడక నేసిన బట్టకు కోత పడితే పోయేది అంతకంటె ఎక్కువ.

నాలుగవది పనిచోటు. పంకా గాలి ముఖానికి కొట్టకుండ త్రిప్పవలెను. నూగును పొడి చీపురుతో లేపక తడిగుడ్డతో తీయవలెను. చత్వారం వచ్చినవారు అద్దాలు పెట్టుకొనవలెను. సెల్‌ఫోనును కంటికంటె క్రిందుగా పట్టుకొంటే కన్ను తక్కువగా తెరుచుకొని తడి ఎక్కువసేపు నిలుస్తుంది.

ఇన్ని చేసినా తగ్గనివారికి సైక్లోస్పోరిన్ చుక్కలు ఉన్నవి. వాటి గుణం తెలియడానికి కొన్ని నెలలు పడుతుంది. కన్నీరు ముక్కులోనికి దిగే సన్నని రంధ్రాలకు బిరడాలు కూడ పెడతారు. ఇవి వైద్యుడు నిర్ణయించవలసినవి. చేపనూనె గొట్టాలకు డబ్బు పోయవద్దు. 2018లో అమెరికాలో ప్రకటించిన పెద్ద పరీక్షలో అవి పొడికంటికి ఆలివ్ నూనెకంటె మేలు చేసినట్లు కనబడలేదు. ఆకుకూరలు, మునగాకు తినవలసిందే. ఏ విటమిను లోపంవల్ల పిల్లలకు రేచీకటి రాకుండ అవి కాపాడుతాయి. కాని మూసుకొన్న నూనె గ్రంథులను అవి తెరవవు. ఇంటి ఆముదం, ఆకుపసరు, చనుబాలు కంటిలో పోయడం ఎంతమాత్రం కూడదు. పసరువల్ల పుండు పడి చూపు పోయినవారు ఉన్నారు.

ఆడవారి విషయం

కండెలు చుట్టేది, అచ్చులు అతికేది మన ఇంటి ఆడవారే. వారి కంటి మంటను వంటపొయ్యి మీదికి నెట్టివేస్తాము. మా వదినెకు కన్నులతోపాటు నోరు ఎండిపోయేది. నీళ్లు లేనిదే ముద్ద దిగేది కాదు. కీళ్లు నొప్పి పుట్టేవి. మూడింటినీ మూడు జబ్బులనుకొన్నాము. అన్నీ ఒకటే అని తరువాత తెలిసింది. 1933లో స్వీడను కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ వర్ణించిన జబ్బు అది. మగవారికంటె ఆడవారికి చాలా ఎక్కువ. దానికి రక్తపరీక్ష, కీళ్ల వైద్యుని సలహా కూడ కావలెను. ఇటువంటి సూచనలుంటే కంటిచుక్కలతో ఆగకండి.

ముసలివారిలో కొందరికి వెనుకటి ట్రకోమా మచ్చలవల్ల రెప్పవెండ్రుకలు లోపలికి తిరిగి గ్రుడ్డును గీస్తాయి. మన దేశం ఆ వ్యాధి బెడదనుండి బయటపడినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించింది గాని, పాత మచ్చలు పోవు. వారికి చిన్న శస్త్రచికిత్స చేయించవలెను.

తీవ్రమైన నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, నల్లగ్రుడ్డుపై తెల్లమచ్చ, దీపం చుట్టూ రంగుల వలయం, ఉన్నట్టుండి చూపు తగ్గడం – వీటిలో ఏది కనబడినా ఆనాడే ఆసుపత్రికి పోవలెను. అద్దకం పనిలో రంగు, బ్లీచింగు మందు కంటిలో పడితే అక్కడికక్కడే పావుగంటకు తక్కువ కాకుండ మంచినీటితో కడిగి, తరువాత పోవలెను.

సంఘాలకు మనవి

ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నవి. తమిళనాడులో ఉన్నవారికి డాక్టరు జి. వెంకటస్వామి గారు 1976లో మదురైలో స్థాపించిన అరవింద్ కంటి ఆసుపత్రి ఉన్నది. 1987లో హైదరాబాదులో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ సంస్థకు భువనేశ్వరంలోనూ ఆసుపత్రి ఉన్నందున ఒడిశాలోని మనవారికి అది అందుబాటు. ఇవి లేనివారికీ ఊరిలో ఎవరో ఒక కంటి వైద్యుడు ఉండకపోడు.

మన శాఖలు కంటి శిబిరాలు పెట్టినప్పుడు అద్దాల నెంబరు చూచి పంపుతున్నారు. అది చాలదు. నలుబది ఏండ్లు దాటిన ప్రతి నేతపనివానికి, కండెలు చుట్టే ప్రతి ఆడబిడ్డకు కంటి ఒత్తిడి కూడ చూపించవలెనని, ఎవరెవరు ఏ చుక్కలు వాడుతున్నారో సీసాలతో సహా తెమ్మని చెప్పవలెనని కార్యవర్గాల వారిని కోరుతున్నాను. నా కంటి ఒత్తిడి ఆ రెండేండ్లలో ఒక్కసారి ఎవరైనా చూచి ఉంటే నా ఎడమ ప్రక్క నాకు ఈనాడు చీకటిగా ఉండేది కాదు.

ఇప్పుడు నాకు 58 ఏండ్లు. మిగిలిన చూపుతో ఇంకా నేస్తున్నాను. ఈ వ్యాసం చదివిన సోదరులు, సోదరీమణులు తమ ఇంటి గూటిలో ఉన్న కంటిచుక్కల సీసాను ఒకసారి చేతికి తీసికొని, అది ఎవరు వ్రాసి ఇచ్చినదో జ్ఞాపకం చేసికోవలెనని నా ప్రార్థన. ఎవరూ వ్రాసి ఇవ్వనిదైతే దానిని పట్టుకొని ఈ వారంలోనే కంటి వైద్యుని దగ్గరకు వెళ్లండి.