టైమింగ్ బెల్టు: లక్ష దాటిన కారులో ముందుగా తేల్చుకోవలసిన లెక్క

మీటరు మీద లక్ష కిలోమీటర్లు దాటిన సెకండ్ హ్యాండ్ కారు ఇంటికి చేరినప్పుడు, దానికి చేయించవలసిన పనుల జాబితా సాధారణంగా చేతిలో ఉన్న సొమ్ముకంటె పెద్దదిగానే ఉంటుంది. టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్, క్లచ్, బ్యాటరీ అంటూ మెకానిక్ చెప్పే ప్రతి పనికీ తగిన కారణం ఉంటుంది కాబట్టి, ఏది ఇప్పుడే చేయించాలో, ఏది ఆరు నెలలు ఆగినా ఫరవాలేదో యజమానికి ఒక పట్టాన తేలదు. ఈ సందిగ్ధాన్ని తీర్చడానికి రెండు ప్రశ్నలు సరిపోతాయి: ఆ భాగం చెడిపోయే ముందు ఏదైనా హెచ్చరిక ఇస్తుందా, చెడిపోయినప్పుడు తనతోపాటు మరి వేటిని పాడుచేస్తుంది? హెచ్చరిక ఇవ్వకుండా విఫలమై, విఫలమైన క్షణంలోనే ఖరీదైన భాగాలను దెబ్బతీసేవాటికి మొదటి వంతు దక్కాలన్నది ఈ ప్రశ్నల నుంచి తేలే సూత్రం. ఆ సూత్రాన్ని అన్నిటికంటె స్పష్టంగా చూపించే భాగం టైమింగ్ బెల్టు అనే పళ్ల రబ్బరు పట్టీ కనుక, అది ఎందుకు పుట్టిందో, ఎలా ముసలిదవుతుందో తెలిస్తే మిగిలిన జాబితాను వరుసలో పెట్టడం తేలికవుతుంది.

రెండు చుట్లకు ఒక చుట్టు

1876లో జర్మనీకి చెందిన నికోలస్ ఆటో రూపొందించిన నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో పిస్టన్ నాలుగుసార్లు కదిలితే ఒక చక్రం పూర్తవుతుంది: గాలి, ఇంధనాల మిశ్రమాన్ని లోపలికి పీల్చుకోవడం, దాన్ని నొక్కిపెట్టడం, మండించి శక్తిని రాబట్టడం, కాలిన వాయువును బయటికి నెట్టడం. పిస్టన్ల కదలికను గుండ్రని తిరుగుడుగా మార్చే ఇరుసును క్రాంక్ షాఫ్ట్ అంటారు; వాయువుల రాకపోకలకు తలుపుల వంటి వాల్వులను తెరిచే ఇరుసును క్యామ్ షాఫ్ట్ అంటారు. నాలుగు స్ట్రోకులకు క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరుగుతుంది గాని, ఆ వ్యవధిలో ఒక్కొక్క వాల్వు ఒక్కసారి మాత్రమే తెరుచుకోవాలి కాబట్టి, క్యామ్ షాఫ్ట్ సరిగ్గా దానిలో సగం వేగంతో, ఒక్క చుట్టు మాత్రమే తిరగాలి. ఈ సగం వేగం ఎన్నడూ తప్పకూడదు. రెండు ఇరుసుల మధ్య ఈ లయను నిలిపే ఏర్పాటునే టైమింగ్ అంటారు.

తొలి కార్లలో ఈ పని పళ్ల చక్రాలు చేసేవి. క్యామ్ షాఫ్ట్ ఇంజిన్ కింది భాగంలో, క్రాంక్ షాఫ్ట్ పక్కనే ఉండేది కనుక రెండు మూడు చక్రాలతో పని జరిగిపోయేది. ఇంజిన్ల వేగం పెరిగే కొద్దీ క్యామ్ షాఫ్ట్‌ను వాల్వులకు దగ్గరగా, ఇంజిన్ పైభాగమైన హెడ్డులోకి చేర్చడం మేలని తేలింది. దానితో రెండు ఇరుసుల మధ్య దూరం పెరిగి, చక్రాల స్థానంలో గొలుసు అవసరమైంది. స్విట్జర్లాండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో పేటెంటు పొందిన రోలర్ గొలుసు ఇందుకు దారి చూపింది. గొలుసు దృఢమైనదే అయినా, దానికి నిరంతరం నూనె అందాలి, నూనె బయటికి కారకుండా గట్టి మూత కావాలి. పైగా అది బరువైనది, చప్పుడు చేసేది.

కుట్టు మిషను నుంచి కారు దాకా

దీనికి ప్రత్యామ్నాయం కార్ల కర్మాగారంలో పుట్టలేదు. కుట్టు మిషనులో పైనున్న సూది, కిందనున్న దారపు కండె ఒకే లయలో కదలకపోతే కుట్టు పడదు. ఆ రెంటినీ చప్పుడు లేకుండా, నూనె అవసరం లేకుండా కలపడానికి 1940ల్లో అమెరికాలోని గిల్మర్ కంపెనీ లోపలివైపు పళ్లున్న రబ్బరు బెల్టును తీసుకువచ్చింది. మామూలు బెల్టు ఘర్షణ మీద ఆధారపడుతుంది కాబట్టి ఎంతో కొంత జారక మానదు. పళ్ల బెల్టులోని పళ్లు చక్రం గాడుల్లో కూర్చుంటాయి కాబట్టి అది జారదు. గొలుసుకున్న కచ్చితత్వం, బెల్టుకున్న నిశ్శబ్దం ఇలా ఒకచోట చేరాయి.

ఈ బెల్టుతో భారీగా తయారైన మొదటి కారు జర్మనీలోని బవేరియాలో, డింగోల్ఫింగ్ పట్టణంలో పుట్టింది. హాన్స్ గ్లాస్ అనే చిన్న కంపెనీ 1962లో ఉత్పత్తికి తెచ్చిన గ్లాస్ 1004 కారులో, లీటరుకు కొంచెం తక్కువ పరిమాణమున్న ఇంజిన్‌లో, హెడ్డులోని క్యామ్ షాఫ్ట్‌ను రబ్బరు బెల్టు తిప్పింది. ఆ కంపెనీ 1966లో బీఎండబ్ల్యూలో కలిసిపోయినా దాని ఆలోచన మాత్రం ప్రపంచమంతా పాకింది: అదే ఏడాది అమెరికాలో పాంటియాక్ ఆరు సిలిండర్ల ఇంజిన్‌లోను, ఇటలీలో ఫెరారీ నుంచి వచ్చిన అరేలియో లాంప్రెడి ఫియట్ కోసం రూపొందించిన జంట క్యామ్ షాఫ్ట్‌ల ఇంజిన్‌లోను ఈ బెల్టు చేరింది. తేలికదనం, తక్కువ ఖర్చు, నూనె అక్కరలేకపోవడం చిన్న కార్ల తయారీదారులకు బాగా నచ్చడంతో తరువాతి దశాబ్దాలలో అది సర్వసాధారణమైపోయింది. 1983 చివర భారతదేశంలో విడుదలై 2014 దాకా తయారైన మారుతి 800 కారులోని 796 సీసీ ఇంజిన్ కూడా ఈ బెల్టుతో నడిచినదే. రెండు తెలుగు రాష్ట్రాలలోను ట్యాక్సీగా లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇన్నోవా తొలి తరం 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్‌లో ఉన్నదీ బెల్టే.

బెల్టుకు ముసలితనం ఎలా వస్తుంది

ప్లాస్టిక్ మూత తీసి చూస్తే టైమింగ్ బెల్టు ఒక వెడల్పాటి నల్లని రబ్బరు పట్టీలా కనిపిస్తుంది గాని, దానిలో మూడు వేరువేరు పదార్థాలు మూడు పనులు చేస్తుంటాయి. బలమంతా రబ్బరు లోపల పొడవునా పరిచిన గాజు పోగుల తాళ్లదే. అవి దాదాపు సాగవు కాబట్టే టైమింగ్ నిలకడగా ఉంటుంది. పళ్ల ఆకారాన్ని నిలిపేది రబ్బరు. ఆ పళ్లు చక్రానికి రాసుకుని అరిగిపోకుండా కాపాడేది వాటిమీది నైలాన్ గుడ్డ. మొదట్లో వాడిన క్లోరోప్రీన్ రబ్బరు స్థానంలో, వేడిని మరింత బాగా తట్టుకునే హైడ్రోజన్ కలిపిన నైట్రైల్ రబ్బరు రావడంతో బెల్టు ఆయుర్దాయం గణనీయంగా పెరిగింది.

ఈ పట్టీ చేసే పని ఎంతటిదో ఒక లెక్కతో తెలుస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఇంజిన్ నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతుందనుకుంటే, ఒక కిలోమీటరుకు 2,400 చుట్లు, లక్ష కిలోమీటర్లకు 24 కోట్ల చుట్లు అవుతాయి. ఆ లోపల ఒక్కొక్క వాల్వు 12 కోట్లసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఆ తోపుళ్లన్నీ బెల్టు పళ్ల మీదే పడతాయి. చక్రాల మీద వంగి నిటారవుతూ ఉండటంవల్ల గాజు పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. ఇంజిన్ వేడికి రబ్బరు గట్టిపడి, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్‌ల ప్రభావంతో పగుళ్లు తీస్తుంది. కారు తిరగకుండా షెడ్డులో ఉన్నా ఈ రెండో రకం క్షీణత ఆగదు కాబట్టే తయారీదారులు కిలోమీటర్లతోపాటు సంవత్సరాల గడువును కూడా విధిస్తారు. పాత నమూనాల్లో ఈ గడువు 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్యన, కొత్తవాటిలో అంతకు మించి ఉంటుంది కనుక, ఏ కారుకైనా దాని మాన్యువల్‌లో రాసినదే ప్రమాణం.

అసలు చిక్కు ఏమిటంటే, తాళ్లు లోపల తెగుతున్నా పైరబ్బరు బాగానే కనిపించవచ్చు. శబ్దం రాదు, మైలేజీ తగ్గదు, పికప్ పడిపోదు. చివరికి బెల్టు తెగినప్పుడో, కొన్ని పళ్లు ఊడిపోయినప్పుడో క్యామ్ షాఫ్ట్ ఆగిపోతుంది. క్రాంక్ షాఫ్ట్ మాత్రం బండి ఊపుకు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. కొన్ని ఇంజిన్లలో వాల్వు పూర్తిగా తెరుచుకున్నా పిస్టన్‌కు తగలనంత జాగా ఉంటుంది కాబట్టి బండి నిలిచిపోవడంతో సరిపోతుంది. ఎక్కువ సామర్థ్యం కోసం ఆ జాగాను తగ్గించి తయారుచేసిన ఇంజిన్లలో మాత్రం పైకి వచ్చే పిస్టన్ తెరిచి ఉన్న వాల్వును ఢీకొంటుంది. వాల్వులు వంగి, ఒక్కోసారి పిస్టన్ కూడా దెబ్బతిని, హెడ్డు దింపక తప్పని స్థితి వస్తుంది. పూర్తిగా తెగకపోయినా ప్రమాదమే: క్రాంక్ చక్రానికి 20 పళ్లుంటే, బెల్టు ఒక్క పన్ను తప్పినా టైమింగ్ 18 డిగ్రీలు పక్కకు పోతుంది.

పాత కారు కొన్నవారి నిర్ణయం

కాబట్టి అధికంగా తిరిగిన కారు చేతికి వచ్చినప్పుడు మొదట తెలుసుకోవలసింది దాని ఇంజిన్‌లో ఉన్నది బెల్టా, గొలుసా అన్నది. బెల్టు అయితే రెండో ప్రశ్న, దాన్ని ఎప్పుడు మార్చారన్నది. సర్వీసు పుస్తకంలో నమోదు గాని, బిల్లు గాని, మార్చిన తేదీ, కిలోమీటర్లు రాసి ఇంజిన్ గదిలో అతికించిన చీటీ గాని ఉంటే దాన్ని నమ్మవచ్చు. అమ్మినవారి నోటిమాటకు, బెల్టు పైరూపానికి ఆ విలువ లేదు. మీటరు అంకెలు తారుమారయ్యే అవకాశం కూడా ఉంది కనుక, ఆధారం లేనప్పుడు బెల్టు మార్చలేదనే భావించి మార్పించడం వివేకం. ఈ నిర్ణయంలో పొరపాటు జరిగినా నష్టపోయేది ఒక బెల్టు ఖరీదు, కొన్ని గంటల కూలీ; మార్చకుండా వదిలేసిన నిర్ణయంలో పొరపాటు జరిగితే నష్టపోయేది ఇంజిన్ హెడ్డు.

బెల్టు ఒక్కటే మార్చి ఊరుకోవడం కూడా సగం పనే. దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, దారి చూపే ఐడ్లర్ చక్రాలు అన్నే కిలోమీటర్లు తిరిగి ఉంటాయి. వాటి బేరింగు పట్టేస్తే కొత్త బెల్టు కూడా తెగుతుంది. చాలా ఇంజిన్లలో రేడియేటర్ నీటిని తిప్పే వాటర్ పంపును ఇదే బెల్టు నడుపుతుంది కాబట్టి, విప్పిన కూలీ ఒక్కటే అయినప్పుడు పంపును కూడా అప్పుడే మార్చడం మేలు. ఇరుసుల చివర ఉండే ఆయిల్ సీళ్లు కారుతుంటే ఆ నూనె రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. అందువల్ల వాటిని చూడకుండా మూత బిగించకూడదు.

ఇదే కొలమానంతో మిగతా జాబితాను చూస్తే వరుస దానంతటదే ఏర్పడుతుంది. అరిగిన బ్రేకు ప్యాడ్లు కీచుమంటాయి, సస్పెన్షన్ బుష్‌లు గతుకుల్లో చప్పుడు చేస్తాయి, క్లచ్ ఎత్తుల్లో జారి తన పరిస్థితి చెబుతుంది. ఇవన్నీ ముందుగా కబురు పంపే భాగాలు. బ్రేకు ఆయిలు అలా చెప్పదు: అది గాలిలోని తేమను నెమ్మదిగా పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం ఉండగా, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగిపోతుంది. పొడవైన ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకులు వేడెక్కినప్పుడు ఆయిలు మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. కూలెంట్‌లోని తుప్పు నిరోధకాలు కూడా రంగు మారకుండానే ఖర్చయిపోవచ్చు. అందుకే చరిత్ర తెలియని కారులో బెల్టు తరువాతి వంతు ఈ ద్రవాలది, వాటితోపాటు గట్టిబడిన రబ్బరు గొట్టాలది. కీచు శబ్దాల వంతు ఆ తరువాతే.

గొలుసు ఉంటే నిశ్చింతేనా

2008లో ఏ-స్టార్ కారుతో వచ్చిన మారుతి కె-సిరీస్ ఇంజిన్ వంటి అనేక ఆధునిక ఇంజిన్లు తిరిగి గొలుసుకు మళ్లాయి. గొలుసుకు మార్చే గడువు సాధారణంగా ఉండదు కాబట్టి దానికి నిర్వహణే అక్కరలేదన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. నిజానికి గొలుసు లింకుల కీళ్లు అరిగి దాని పొడవు పెరుగుతుంది. ఆ అరుగుదలను ఆపేది ఇంజిన్ ఆయిలు. చాలా ఇంజిన్లలో గొలుసును బిగువుగా పట్టుకునే టెన్షనర్ కూడా ఆయిలు ఒత్తిడితోనే పనిచేస్తుంది. మసి, ఆమ్లాలు చేరి పాడైన ఆయిలుతో నెలల తరబడి నడిపితే గొలుసు ఆయుష్షు తగ్గుతుంది, స్టార్టు చేయగానే ముందువైపు గలగల వినిపించడం మొదలవుతుంది. గొలుసు ఈ విధంగా ఎంతో కొంత హెచ్చరిస్తుంది, బెల్టు అదీ చేయదు. ఆయిలులోనే మునిగి తిరిగేలా రూపొందించిన కొత్త రకం బెల్టులున్న ఇంజిన్లలో, మాన్యువల్‌లో చెప్పిన ప్రమాణానికి సరిపోని ఆయిలు వాడితే బెల్టు రబ్బరే క్షీణించి, దాని తునకలు ఆయిలు పంపు జల్లెడకు అడ్డుపడగలవు. ఏ రకం ఏర్పాటు ఉన్నా, సరైన ఆయిలును గడువు దాటకుండా మార్చడమే అన్నిటికంటె చవకైన బీమా.

అంకెలు ఎంత పెద్దవైనా నిర్వహణ వాటిని ఎలా మోయగలదో అమెరికాలో సైన్సు ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఇర్వ్ గోర్డన్ నిరూపించారు. ఆయన 1966లో కొన్న వోల్వో పి1800 కారు 2013లో 30 లక్షల మైళ్లు, అంటే సుమారు 48 లక్షల కిలోమీటర్లు పూర్తిచేసింది. దాని ఇంజిన్‌ను మొదటిసారి విప్పి బాగుచేయించింది 6,80,000 మైళ్ల వద్ద, అంటే దాదాపు 11 లక్షల కిలోమీటర్లకు. ఆ ఇంజిన్‌లో క్యామ్ షాఫ్ట్‌ను తిప్పేది పళ్ల చక్రాలు కనుక తెగిపోయే బెల్టు దానికి లేదు. అయినా ఆ ఆయుష్షుకు మూలం మాన్యువల్‌లోని గడువులను తప్పకుండా పాటించిన క్రమశిక్షణ. బెల్టున్న కారుకు ఆ క్రమశిక్షణ మరింత అవసరం. పాత కారు కొన్నవారు మొదటి నెలలోనే మాన్యువల్ సంపాదించి, ఆధారం ఉన్న పనులను ఒక పక్కన, ఆధారం లేనివాటిని మరొక పక్కన రాసుకుని, రెండో జాబితాలో హెచ్చరిక ఇవ్వని భాగాలను ముందుగా మార్పించి, ఆ తేదీని, కిలోమీటర్లను నమోదు చేసుకుంటే, ఆ రోజు నుంచి ఆ కారు తెలియని యంత్రంగా ఉండదు. దానికి మళ్లీ ఒక లెక్క మొదలవుతుంది, ఆ లెక్క తరువాతి యజమానికి కూడా పనికివస్తుంది.