కాడెద్దుల జత: ఆటల కంప్యూటరు కూర్పులో కొన్ని లెక్కలు

ఆటలాడుకునే కంప్యూటరు గురించి కాలేజి సావనీరులో వ్యాసమా అని పెద్దలు కొందరు పేజీ తిప్పేయవచ్చు. ఒక్క నిమిషం ఆగమని మనవి. ఇవాళ మన హాస్టలు గదుల్లో విడి భాగాలు కొని తెచ్చి, విద్యార్థులే కూర్చుకున్న కంప్యూటర్లు చాలా వున్నాయి. పగలు ప్రాజెక్టు పనికి, రాత్రి ఆటకు వాడేది ఆ ఒక్క యంత్రమే. దాని ఖరీదు చాలా ఇళ్ళలో ఒక పంట మీద మిగిలే డబ్బు. అంత డబ్బు పోసి కొన్న వస్తువు తీరా వేసవి వచ్చేసరికి మొరాయిస్తే ఎవరితో చెప్పుకోవాలి? సరుకు మంచిదే అయివుంటుంది. భాగాలకు ఒకదానితో ఒకటి జత కుదరక, పుట్టిన వేడి బయటికి పోయే దారి లేక యంత్రం చతికిలబడుతుంది. ఈ రెండు సంగతులనూ మనం ఇంటర్మీడియట్‌లో చదివిన ఫిజిక్సుతోనే తేల్చుకోవచ్చునని చెప్పటమే ఈ వ్యాసం వుద్దేశం.

జత కుదరటం అంటే ఏమిటి?

ఆటలో తెర మీద కదిలే బొమ్మ సినిమా రీలు లాగా వరసగా వచ్చే ఫ్రేముల మాల. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లలో తయారు కావాలి. ఇందులో రెండు మెట్లున్నాయి. మొదట ప్రాసెసరు లెక్కలు వేస్తుంది: శత్రువు ఎక్కడున్నాడు, బంతి ఎటు పోతున్నది, కారు గోడకు తగిలిందా లేదా అని. ఆ లెక్కను అందుకుని గ్రాఫిక్స్ కార్డు బొమ్మను చుక్కచుక్కగా గీస్తుంది. ఇది గీస్తూ వుండగా అది తర్వాతి ఫ్రేము లెక్కలో పడుతుంది. కాబట్టి ఇద్దరిలో ఎవరు నిదానమో, మొత్తం యంత్రానిది ఆ వేగమే.

ప్రాసెసరుకు 10 మిల్లీసెకన్లు, కార్డుకు 5 మిల్లీసెకన్లు పడుతున్నాయనుకుందాం. మనకు వచ్చేవి సెకనుకు 100 ఫ్రేములు. ఇప్పుడు రెట్టింపు ధర పెట్టి రెండున్నర మిల్లీసెకన్లలో గీసే కార్డు తెచ్చి పెట్టినా వచ్చేవి ఆ 100 ఫ్రేములే. కాడికి ఒక పక్క ఒంగోలు గిత్తనూ, ఇంకో పక్క లేగదూడనూ కట్టి దున్నబోతే సాలు ఎలా వస్తుందో రైతుబిడ్డలకు వేరే చెప్పనక్కర్లేదు. గిత్త బలం అక్కరకు రాకపోగా, దాని మేత ఖర్చు మాత్రం మన నెత్తిన పడుతుంది.

మరి జత కుదర్చటం ఎక్కడ మొదలుపెట్టాలి? నేనైతే తెర దగ్గర మొదలుపెట్టమంటాను. 1920 × 1080 తెర మీద వుండే చుక్కలు సుమారు 20.7 లక్షలు. 2560 × 1440 తెర మీద 36.9 లక్షలు. 4కె అనే 3840 × 2160 తెర మీద 82.9 లక్షలు. చుక్కలు పెరిగిన కొద్దీ భారం ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది; ప్రాసెసరు వేసే లెక్క పెద్దగా మారదు. అందువల్ల చిన్న తెరకు బ్రహ్మాండమైన కార్డు దండగ. 4కె తెరకు చిన్న కార్డు కూడా దండగే. ముందు తెర, దానికి తగిన కార్డు, ఆ కార్డుకు తగిన ప్రాసెసరు. ఈ వరసలో పోతే పొరపాటుకు తావు తక్కువ.

జ్ఞాపకశక్తి, అనగా ర్యామ్, విషయంలో ఒక చిన్న కిటుకు వుంది. 16 జి.బి. కావాలంటే ఒకే కడ్డీగా కొనేకంటే 8 జి.బి.వి రెండు కొని, మదరుబోర్డు పుస్తకంలో చూపిన గాళ్ళలో పెట్టటం మేలు. అప్పుడు ప్రాసెసరుకు రెండు దార్ల గుండా సమాచారం అందుతుంది. కాలవకు రెండు తూములు పెట్టినట్టు.

వేడి ఎక్కడిది?

1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరుకు విద్యుత్తు అందించే పెట్టె సామర్థ్యం 63.5 వాట్లు. యంత్రం మొత్తానికి అంతే! అందులోని 8088 ప్రాసెసరు నెత్తిన చల్లబరిచే రేకు కూడా వుండేది కాదు. 2023లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 4060 అనే మధ్యతరగతి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 115 వాట్లు లాగుతుంది. అదే ఏడాది వచ్చిన కోర్ ఐ9-14900కె ప్రాసెసరు గరిష్ఠంగా 253 వాట్ల దాకా పోతుంది. 2025 జనవరిలో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 5090 కార్డు లెక్క 575 వాట్లు. ఆ పాత కంప్యూటరుకు తొమ్మిది రెట్లు.

ఈ కరెంటంతా ఏమవుతుంది? మోటారు పంపు అయితే నీళ్ళు పైకి తోడుతుంది, కొంత శక్తి అలా పోతుంది. కంప్యూటరు ఏ బరువూ ఎత్తదు. శక్తి నిత్యత్వ నియమం ప్రకారం అది తిన్న ప్రతి వాటూ చివరికి వేడిగానే బయటికి రావాలి. అంటే 300 వాట్ల కంప్యూటరు ఆడుతున్నదంటే గదిలో 300 వాట్ల హీటరు వెలుగుతున్నట్టే అన్నమాట. నాలుగు గంటలు ఆడితే 1.2 యూనిట్లు కాలుతుంది. ఆ వేడి మొత్తం మన గదిలోనే.

చిప్పు మరీ వేడెక్కితే కాలిపోకుండా తనను తాను కాపాడుకుంటుంది. ఉదాహరణకు రైజన్ 5 7600 ప్రాసెసరుకు 95 డిగ్రీలు హద్దు. ఆ హద్దు దగ్గర అది తన వేగాన్ని తగ్గించుకుంటుంది. అంటే చల్లదనం లోపిస్తే మనం డబ్బిచ్చి కొన్న వేగం మన కళ్ళ ముందే ఆవిరైపోతుంది.

మన వూరి ఎండ, వాళ్ళ గది లెక్క

కూలర్ల పరీక్షలు సాధారణంగా 20, 25 డిగ్రీల మధ్య వుండే చల్లని గదుల్లో చేస్తారు. మన దగ్గర మే నెల మధ్యాహ్నం, పై అంతస్తులో, రేకుల కింద సంగతి వేరు. రెంటచింతల, రామగుండం మిత్రులకు దీని గురించి చెప్పబోవటం సాహసమే అవుతుంది.

సూత్రం సులభం. చిప్పు వేడిమి = చుట్టూ వున్న గాలి వేడిమి + (వాట్లు × కూలరు నిరోధం). పైన చెప్పిన రైజన్ 5 7600 పూర్తి భారం మీద 88 వాట్ల దాకా పోతుంది. కూలరు నిరోధం వాటుకు 0.6 డిగ్రీలనుకుందాం. 88ని 0.6తో హెచ్చవేస్తే సుమారు 53. గది 22 డిగ్రీలైతే చిప్పు 75, హాయిగా వుంది. గది 40 డిగ్రీలైతే 93, బొటాబొటి. ఇక పెట్టెలో గాలి ఆడక లోపలి గాలి ఇంకో 8 డిగ్రీలు ఎక్కువగా వుంటే లెక్క 101కి పోతుంది, హద్దు దాటింది! అదే 0.4 నిరోధం వున్న కొంచెం పెద్ద కూలరు అయితే 40 + 35 = 75. వేగం ఏమాత్రం తగ్గదు. కొనేటప్పుడు ఈ కూడిక వేసుకునేది మనమే; దుకాణంలో ఎవరూ వేసిపెట్టరు.

కూలరుకూ చిప్పుకూ మధ్య పూసే పేస్టును చిన్నచూపు చూడరాదు. ఎంత నునుపుగా కనిపించినా రెండు లోహాల మధ్య కంటికి కనపడని సందులుంటాయి. వాటిలో వుండేది గాలి. రాగి ఉష్ణవాహకత గాలికి దాదాపు 15 వేల రెట్లు. ఆ సందుల్లో నుంచి గాలిని తరిమేయటమే పేస్టు పని. బఠాణీ గింజంత చాలు. కూలరు అడుగున అంటించి వచ్చే పల్చని ప్లాస్టిక్ పొరను ముందుగా తీసెయ్యటం మరవకూడదు.

గాలికి దారి

300 వాట్ల వేడిని గాలి మోసుకుపోవాలి, ఆ గాలి లోపలికి వచ్చిన దానికంటే 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కి బయటికి పోవాలి అనుకుందాం. గాలి విశిష్టోష్ణం గ్రాముకు సుమారు 1 జౌలు. అంటే సెకనుకు 30 గ్రాముల గాలి కావాలి. 40 డిగ్రీల దగ్గర లీటరు గాలి సుమారు 1.13 గ్రాములు తూగుతుంది. లెక్క కడితే సెకనుకు 26 లీటర్లు, అంటే ఇంచుమించు రెండు బిందెల గాలి! ముందు భాగమంతా అద్దంతో మూసేసి, రంగురంగుల దీపాలు పెట్టిన పెట్టెలో ఆ గాలి ఎక్కడి నుంచి దూరుతుంది? చూపుకు సాదాగా వున్నా ముందు జాలీ వున్న పెట్టె తీసుకోవాలి. ముందు రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటికి తోలాలి.

ఫ్యాను వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపు వస్తుంది, కాని అది తినే కరెంటు ఎనిమిది రెట్లవుతుంది, రొద సరేసరి. అందుకని వేగంగా గోలచేసే ఒక ఫ్యానుకంటే నిదానంగా తిరిగే రెండు ఫ్యాన్లు నయం.

నూర్పిళ్ళ కాలంలో ట్రాక్టరు రేడియేటరుకు పొట్టు పట్టి ఇంజను వేడెక్కటం పల్లెల్లో అందరూ చూసేదే. అప్పుడు ఎవరూ కొత్త రేడియేటరు కొనరు, పొట్టు దులుపుతారు. కంప్యూటరుకూ అదే వైద్యం. గాలి లోపలికొచ్చే చోట జల్లెడ వుండాలి. నెలకొకసారి కరెంటు తీసేసి, మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపాలి. దులిపేటప్పుడు ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

నీళ్ళతో చల్లబరచటం అవసరమా?

ఇప్పుడు చాలామంది మోజు దీని మీదే. నీళ్ళు వేడిని బాగా మోస్తాయి, నిజమే. కాని మోసుకుపోయి రేడియేటరులో దింపుతాయి. అక్కడ దాన్ని పట్టుకుపోవలసింది మళ్ళీ ఆ గది గాలే. గది 40 డిగ్రీలైతే నీళ్ళ కూలరు కూడా 40కి కిందికి తేలేదు. మామూలు గాలి కూలర్లలో వుండే రాగి గొట్టాలు కూడా ఉత్తవి కావు. వాటిలో చిటికెడు ద్రవం వేడి దగ్గర ఆవిరై, చల్లని చివర మళ్ళీ ద్రవమై తిరిగి వస్తుంది. 1963లో లాస్ ఆలమోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవర్ పనిచేయించి చూపిన హీట్ పైపు ఇదే. ఇందులో పంపు లేదు, చెడిపోయే భాగం లేదు. 100 వాట్ల లోపు ప్రాసెసరుకు మంచి గాలి కూలరు చాలు. 250 వాట్ల ప్రాసెసరు కొన్నవారికే నీళ్ళ ముచ్చట.

ఒక ఉదాహరణ

మా హాస్టలు మిత్రుడొకడు మిరప డబ్బుతో యంత్రం కూర్పించుకున్నాడు. ప్రాసెసరు 250 వాట్లది, కార్డు 115 వాట్లది, పెట్టె ముందంతా అద్దం. జనవరిలో భేషుగ్గా ఆడింది. మే నెల మధ్యాహ్నం ఆట మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకల్లా ఫ్రేములు 90 నుంచి 40కి పడిపోయేవి. కొడుకుని చూడటానికి వచ్చిన వాళ్ళ నాన్నగారు అది చూసి, "ఇంత పోసి కొన్నది ఎండకు ఆగదా నాయనా?" అన్నారు. మావాడు తల వంచుకున్నాడు.

ఆ సాయంత్రం పెట్టె పక్క రేకు విప్పి ఆడించి చూశాం. ప్రాసెసరు వేడిమి ఒక్కసారిగా 14 డిగ్రీలు తగ్గింది. ఈ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. రేకు విప్పితే బాగా తగ్గిందంటే లోపం పెట్టె గాలి దారిలో వుంది; తగ్గలేదంటే కూలరులోనో పేస్టులోనో వుంది. అద్దం తీసి జాలీ పెట్టించాం, రెండు ఫ్యాన్లు అమర్చాం, బయోసులో ప్రాసెసరుకు 125 వాట్ల హద్దు పెట్టాం. ఆ తర్వాత ఫ్రేములు 90 దగ్గరే నిలిచాయి. ఆ చిన్న కార్డుకు అంత ప్రాసెసరు మొదటినుంచీ అక్కర్లేదని దీన్నిబట్టే తెలుస్తుంది. ప్రాసెసరు మీద ఎక్కువ పెట్టిన ఆ డబ్బుకు మంచి తెర వచ్చివుండేది.

ఖర్చులేని ఉపాయం ఇంకొకటి వుంది. సెకనుకు 60 సార్లే మారే తెరకు 140 ఫ్రేములు గీయించటం వృథా. ఆటలోనే 60కి హద్దు పెడితే కార్డు వేడి బాగా తగ్గుతుంది. చిప్పు తినే శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి వుంటుంది కాబట్టి, అదే వేగం మీద వోల్టేజి 10 శాతం తగ్గించగలిగితే శక్తి 19 శాతం తగ్గుతుంది.

కరెంటు పెట్టె మాట

7600 ప్రాసెసరు 88, 4060 కార్డు 115, తక్కిన భాగాలకు 50 కలిపితే సుమారు 250 వాట్లు. దీనికి పేరున్న 550 వాట్ల పవర్ సప్లై ధారాళంగా చాలు. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర వున్నది సగం భారం మీద 85 శాతం దాకా సామర్థ్యం ఇస్తుంది. డబ్బు తగ్గించుకోవాలని ముద్రలేని సరుకు కొంటే, అది పోయేటప్పుడు మిగతా భాగాలను కూడా వెంట తీసుకుపోవచ్చు. వోల్టేజి నిలకడ లేని వూళ్ళలో యు.పి.ఎస్. కూడా కావాలి. 600 వి.ఎ. అని రాసివున్నవి చాలావరకు 360 వాట్లే ఇస్తాయని గమనించాలి.

ధరలు నేను కావాలనే రాయలేదు. ఈ సంచిక మీ చేతికి అందేలోగా అవి మారిపోతాయి. లెక్కలు మాత్రం మారవు. కొనబోయే ముందు ఒక కాగితం మీద తెర చుక్కలు, భాగాల వాట్లు, మన గది మే నెల వేడిమి ఈ మూడూ రాసుకుని దుకాణానికి వెళ్ళండి. అక్కడి వారు ఎంత పెద్ద పేరు చెప్పినా మీ కాగితం చూసుకునే డబ్బు తీయండి. ఈ లెక్క వేసుకోవటంలో ఎవరికైనా సందేహం వస్తే, సాయంత్రం హాస్టలు మెస్సు దగ్గర కనబడితే కూర్చుని వేసి చూపటానికి నేను సిద్ధం.