బల్లపై నక్షత్రలోకం

బొమ్మలు పిల్లల సొత్తు, యుద్ధవ్యూహాలు పెద్దల సొత్తు అని లోకంలో ఒక అభిప్రాయం ఉన్నది. ఈ రెంటినీ ఒకే బల్లమీదికి చేర్చిన వినోదం ఒకటి ఐరోపాలో పుట్టి, శతాబ్దానికి పైగా పెరుగుతూ వచ్చినది. బొటనవ్రేలంత బొమ్మలతో, పాచికలతో, కొలబద్దతో ఆడే ఈ ఆటలో నక్షత్రలోకాలకు కూడ చోటు దొరికినది. కొత్తగా దీనిలో అడుగుపెట్టదలచినవారు తెలుసుకొనవలసినవి కొన్ని ఉన్నవి. వాటితోపాటు ఉపాధ్యాయులు తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: యుద్ధాన్ని ఆటగా ఆడడం మంచిదేనా?

1824లో రైస్విట్జ్ అనే ప్రష్యా సైనికాధికారి, పటంమీద ముక్కలు జరుపుతూ పాచికలతో ఫలితం తేల్చే యుద్ధక్రీడకు నియమాలు ప్రకటించినాడు. అది సైనికులకు పాఠమే కాని వినోదం కాదు. ఇంటిలో సీసపు సిపాయిలతో ఆడుకొనే ఆటకు చక్కని నియమాలు కూర్చి గ్రంథంగా వెలువరించినవాడు ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్. 1898లో అంగారకవాసులు భూమిపై దండెత్తినట్లు నవల వ్రాసిన ఆయనే, 1913లో ‘లిటిల్ వార్స్’ రచించినాడు. ఐతే ఆయన సిపాయిలు భూలోకపు సిపాయిలే. వైజ్ఞానిక కల్పన, బొమ్మలయుద్ధం అనే ఈ రెండు పాయల సంగమానికి గొప్ప ప్రసిద్ధి తెచ్చినది, 1987లో రిక్ ప్రీస్ట్‌లీ రూపొందించిన ‘వార్‌హామర్ 40,000’. కొద్ది బొమ్మలతో ఆరంభమైన ఆ క్రీడ కాలక్రమాన పెద్ద సేనల ఆటగా విస్తరించినది. పదుల కొలది బొమ్మలను కొని, అతికి, రంగులు వేయవలెనంటే కొత్తవాడు వెనుకాడడంలో వింత లేదు.

అట్టివారికి అనువైనవి చిరుపోరు ఆటలు. జోసెఫ్ మెక్‌కల్లో రచించగా ఆస్ప్రీ సంస్థ 2021లో ప్రచురించిన ‘స్టార్‌గ్రేవ్’ వీటిలో ఒకటి. మహాసంగ్రామంలో చితికిపోయిన నక్షత్రమండలం దీనికి రంగస్థలం. ఒక్కొక్క ఆటగాని పక్షాన నౌకానాయకుడు, ఉపనాయకుడు, ఎనమండుగురు భటులు, వెరసి పదిమంది. శత్రుసంహారం ఇక్కడ పరమార్థం కాదు. బల్లపై చెదరిపడియున్న సొత్తును చేజిక్కించుకొని బయటపడడమే పని. ఒక ఆటలో గడించినది మరుసటి ఆటకు నిలుస్తుంది. తగిలిన దెబ్బా నిలుస్తుంది. నేలకూలిన భటుడు బ్రతికినాడో లేదో ఆట ముగిసిన పిమ్మట పాచిక చెబుతుంది. చదరంగంలో చచ్చిన బంటు మరుసటి ఆటకు లేచి నిలుస్తుంది. ఇక్కడ చచ్చినవాడు లేవడు. పేరుపెట్టి, స్వహస్తాలతో రంగువేసిన బొమ్మ అట్లా పోయినప్పుడు ఆటగాని మనస్సు ఒక క్షణం కలుక్కుమనక మానదు.

పోరాట నియమం సులభం. ఎదురుపడిన ఇద్దరి పేరా ఇరవై ముఖాల పాచిక చెరియొకసారి వేసి, వచ్చిన అంకెకు వారి వారి పోరుబలాన్ని కలుపుతారు. మొత్తం ఎక్కువైనవాడు గెలుస్తాడు. ఒకని బలం 3, మరొకని బలం 2 అనుకొందాం. రెండు పాచికలు పడే విధాలు 400. వాటిలో 210 బలవంతునివి, 171 బలహీనునివి, మిగిలిన 19 సమానం. ఒక్క అంకె ఆధిక్యం ఎంత విలువైనదో, ఎంత నమ్మరానిదో ఈ లెక్కలో కనిపిస్తుంది. ఆ పాచిక కూడ గణితపాఠమే: ఇరవై సమబాహు త్రిభుజాలతో ఏర్పడిన ఆ ఆకారం, ఐదు క్రమఘనాలలో ఒకటి.

ఆరంభించేవారు మొదటనే ధనం వెచ్చించనక్కరలేదు. ఫలానా బొమ్మలే ఉండవలెనన్న నిర్బంధం ఈ ఆటకు లేదు. నియమగ్రంథం ఒకటి ఉంటే, చదరంగపు పావులనో గుండీలనో భటులుగా నిలిపి, అగ్గిపెట్టెలు, అట్టపెట్టెలు కట్టడాలుగా అమర్చి రెండు మూడు ఆటలు ఆడిచూడవచ్చును. పాచిక దొరకనిచోట 1 మొదలు 20 వరకు వ్రాసిన చీటీలు చాలు. తీసిన చీటీని మరల గిన్నెలో వేసి కలపడం మాత్రం మరువరాదు. ఆట నచ్చిన పిమ్మట బొమ్మలను సమకూర్చుకొనవచ్చును. సుమారు 28 మిల్లీమీటర్ల ఎత్తుగల ఆ ప్లాస్టిక్ బొమ్మలను చట్రంనుండి కత్తిరించి, అతికి, అడుగురంగు పూసి, సన్నని కుంచెతో తీర్చిదిద్దడానికి ఓర్పు కావలెను. పదింటితో ముగిసే పని గనుక ఆ ఓర్పు మధ్యలో సడలదు.

ఇక మొదటి ప్రశ్న. బొమ్మలయుద్ధం అసలు యుద్ధంకంటె ఎంతో మేలైనదనీ, మహాయుద్ధమనేది ఎంతటి అవివేకమో ఈ ఆట తెలుపుతుందనీ 1913లో వెల్స్ వాదించినాడు. మరుసటి సంవత్సరమే ప్రపంచయుద్ధం వచ్చిపడినది. ఆ 1914లోనే ఆయన, ‘యుద్ధాన్ని అంతం చేసే యుద్ధం’ అని అర్థం వచ్చే పేరుతో మరొక పుస్తకం ప్రకటించి, తన దేశం చేస్తున్న సమరాన్ని సమర్థించినాడు. ఆ యుద్ధం యుద్ధాలను అంతం చేయలేదు. 1946లో మరణించిన ఆయన రెండవదానినీ కన్నులారా చూచినాడు. కనుక ఈ ఆట లోకానికి శాంతి తెస్తుందని చెప్పడం సాహసం. ఆ ఆటను అంతగా ప్రేమించినవానికే అది కవచం కాలేకపోయినది.

ఐనా అది నేర్పే పాఠం చిన్నదైనా నిజమైనది. ఎంత చక్కగా పన్నిన వ్యూహమైనా ఒక్క పాచికతో తలక్రిందులు కావచ్చునని ఆటగాడు తెలుసుకొంటాడు. తీర్పరి లేనిచోట అంగుళం కొలతలో కూడ నిజాయితీ పాటించవలసి ఉంటుంది. ఎదుటివానికీ తనకున్నన్ని హక్కులే ఉన్నవని ఒప్పుకొననిదే ఆట సాగదు. పోయిన భటుని పేరును పట్టికలో కొట్టివేసే విద్యార్థికి, ఆ కొట్టివేత అసలు యుద్ధంలో దేనికి గుర్తో ఉపాధ్యాయుడు ఒక్కమాట చెప్పగలిగితే, ఆ సాయంకాలం వృథా కాలేదన్నమాట.