నీట్‌కి పది రోజులే ఉంది... బయాలజీ మళ్లీ మొదటి నుంచి చదవాలా?

రాత్రి పదకొండున్నరకి ఆఫీస్ కాల్ ముగించి హాల్లోకి వస్తే మా చెల్లి ఇంకా పుస్తకం ముందే ఉంది. బాబాయి కూతురు, ఖమ్మం పిల్ల. లాంగ్‌టర్మ్ క్లాసులు అయిపోయాయి, సెంటర్ హైదరాబాద్‌లో పడింది, చివరి పది రోజులకి మా ఇంటికి వచ్చేసింది. ఎదురుగా ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ. పేజీ నిండా పసుపు, గులాబీ, ఆకుపచ్చ హైలైటర్లు. రంగు పడని లైన్ ఉందా అని వెతుక్కోవాలి.

"ఎన్నోసారి చదవడం?" అన్నా.

"ఆరోసారి అన్నయ్యా. అయినా భయంగానే ఉంది."

నేను ఎంపీసీ బ్యాచ్. కప్ప బొమ్మ గీసి పదేళ్లు దాటింది. అయినా పుస్తకం తీసుకుని, మూసేసి, ఆ పేజీలోదే ఒక ప్రశ్న అడిగా. మియాసిస్‌లో క్రాసింగ్ ఓవర్ ఏ దశలో జరుగుతుంది? "డిప్లోటీన్" అంది టక్కున. తెరిచి చూశాం. పాకిటీన్. ఆ లైన్ మీద రెండు రంగులున్నాయి!

పిల్ల మొహం మాడిపోయింది. పోయినేడు సీటు కొద్ది మార్కుల్లో పోయింది. మా ఇళ్లలో ఇంకో లాంగ్‌టర్మ్ అంటే ఫీజు ఒక్కటే కాదు, చుట్టాల ఫోన్లు కూడా. అందుకే ఆ రాత్రి కూర్చుని, కోడ్‌లో బగ్ వెతికినట్టు వెతికాం. తప్పు ఎక్కడ వస్తోంది?

తన పాత మాక్ టెస్టులు నాలుగు తీసి, బయాలజీలో పోయిన ప్రతి ప్రశ్న పక్కన ఒక అక్షరం రాయమన్నా. అస్సలు తెలియకపోతే 'తె'. తెలుసు కానీ ఇంకోదానితో కలిసిపోతే 'క'. ప్రశ్న సరిగ్గా చదవకపోతే 'చ'. గంట పట్టింది. 'తె'లు అన్నిటికంటే తక్కువ వచ్చాయి. పేజీ అంతా 'క'లు, 'చ'లు. అంటే ఏడోసారి చదివినా ఆ మార్కులు తిరిగి రావు. ఎందుకంటే అవి చదవక పోయినవి కావు.

దీని మీద మంచి పరిశోధనే ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు విద్యార్థులకి చిన్న పాఠాలిచ్చారు. కొందరు మళ్లీ మళ్లీ చదివారు. కొందరు ఒకసారి చదివి, పాఠం పక్కన పెట్టి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే తలకిందులైంది, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు గెలిచారు. తమాషా ఏంటంటే, మాకే బాగా గుర్తుంటుందని ధీమాగా చెప్పింది మళ్లీ మళ్లీ చదివిన బ్యాచే. పేజీ చూడగానే "ఆ, ఇది తెలుసు" అనిపిస్తుంది కదా, అది కళ్లకి అలవాటవ్వడం. పేజీ లేకుండా వస్తేనే అది మనది.

మన ఇంటర్ చదువు కూడా ఇక్కడ కొంత మోసం చేస్తుంది. ఐపీఈలో ఎనిమిది మార్కుల ప్రశ్నకి పటం గీసి, భాగాలు రాసి, నాలుగు పాయింట్లు వివరిస్తే మార్కులు పడతాయి. మొత్తం కథ తెలిస్తే చాలు. నీట్‌కి కథ అక్కర్లేదు, కథలో ఒక పేరు కావాలి. అదీ పక్కనే దానిలాంటి పేరు ఇంకోటి పెట్టి అడుగుతారు.

అందుకని మర్నాటి నుంచి చెల్లి చేసిన పని కవలల్ని పట్టుకోవడం. ఒక పాత నోట్‌బుక్‌లో పేజీ మధ్య గీత గీసి, ఎప్పుడూ కలిసిపోయే రెండిటినీ అటూ ఇటూ రాసింది. క్రాసింగ్ ఓవర్ జరిగేది పాకిటీన్‌లో, దాని గుర్తుగా కయాస్మాటా కనిపించేది డిప్లోటీన్‌లో. సీ4 మొక్కల్లో కార్బన్ డయాక్సైడ్‌ని ముందు పట్టుకునే పెప్ ఉండేది మీసోఫిల్ కణాల్లో, రుబిస్కో పనిచేసేది బండిల్ షీత్‌లో. ఈసీజీలో పీ తరంగం కర్ణికల డీపోలరైజేషన్, క్యూఆర్‌ఎస్ జఠరికలది, టీ వచ్చేది జఠరికలు తిరిగి మామూలు స్థితికి చేరేటప్పుడు. డ్రోసోఫిలాలో రెండు రకాల బీజకణాలు ఇచ్చేది మగది, పక్షుల్లో ఆడది. శక్తి పిరమిడ్ ఎప్పుడూ నిటారే, సముద్రంలో బయోమాస్ పిరమిడ్ మాత్రం తలకిందులు. ఇలాంటివి ముప్ఫై దాకా వచ్చాయి. మీ ముప్ఫై వేరే ఉంటాయి. ఎవరి పీడీఎఫ్‌నో డౌన్‌లోడ్ చేసుకుంటే ఉపయోగం లేదు, మీ తప్పుల్లోంచి తీసుకోవాలి.

అంకెల్ని కూడా విడివిడిగా బట్టీ పట్టకుండా ఒకదానికొకటి ముడేస్తే నిలుస్తాయి. గుండె ఒక్కసారి కొట్టుకుంటే 70 మి.లీ., నిమిషానికి 72 సార్లు, గుణిస్తే దాదాపు 5 లీటర్లు. కిడ్నీలు నిమిషానికి వడపోసేది 125 మి.లీ., రోజుకి లెక్కేస్తే 180 లీటర్లు. బయటికి వచ్చేది లీటరున్నర, అంటే మిగతా 99 శాతం వెనక్కి వెళ్లిపోతోంది. ఒకటి మర్చిపోతే రెండోదాని నుంచి లాగొచ్చు.

పటాలకైతే తెల్ల కాగితమే. పుస్తకం మూసి, కాగితం మీద నెఫ్రాన్ గీసి పేర్లు పెట్టండి. ఎక్కడ పెన్ను ఆగుతుందో అక్కడ మాత్రం పుస్తకం తెరవండి. పిండకోశంలో కణాలు ఏడు, కేంద్రకాలు ఎనిమిది అని ఎన్నిసార్లు చదివినా కలిసిపోతుంది. ఒక్కసారి గీస్తే, మధ్య కణంలో రెండు కేంద్రకాలు పెట్టాల్సి వచ్చినప్పుడు లెక్క అదే కుదురుతుంది.

ఇంకో సంగతి. మీరు చదివే మెటీరియల్ సీనియర్ల దగ్గర తీసుకున్న పాతదైతే సిలబస్ ఒక్కసారి సరిచూసుకోండి. నీట్ 2024 నుంచి జీర్ణక్రియ, మొక్కల్లో రవాణా, ఖనిజ పోషణలాంటి అధ్యాయాలు తీసేశారు. చివరి వారంలో లేని పాఠం చదివితే ఎంత ఏడుపొస్తుందో వేరే చెప్పాలా? మా చెల్లి దగ్గరున్న ఒక నోట్స్‌లో ఖనిజ పోషణకే పద్దెనిమిది పేజీలున్నాయి.

ఇక హాల్లో సంగతి. 2025లో ఛాయిస్ తీసేసి 180 ప్రశ్నలకి 180 నిమిషాలు పెట్టారు. అందులో 90 బయాలజీ, అంటే 720లో సగం మార్కులు. పేపరు ఏ వరసలో చెయ్యాలన్నది మనిష్టం. బయాలజీ ముందు పెట్టుకుని యాభై నిమిషాల్లోపు తేల్చేస్తే ఫిజిక్స్‌కి ఊపిరి దొరుకుతుంది. కానీ చెల్లి 'చ'లన్నీ సరిగ్గా ఇక్కడే పుట్టాయి. ముప్ఫై నిమిషాల్లో అయిపోగొట్టాలని పరిగెత్తి, "సరికానిది ఏది" అన్న ప్రశ్నకి సరైనది పెట్టేసింది. మొదటి ఆప్షనే కరెక్ట్‌గా కనిపిస్తుంది, మనసు అక్కడే ఆగిపోతుంది. దీనికి మేం పెట్టుకున్న మందు చాలా చిన్నది. 'సరికానిది', 'తప్ప', 'కాదు' కనిపిస్తే పెన్నుతో దాని కింద గీత గీయాలి. నాలుగు ఆప్షన్లూ చదివాకే చెయ్యి కదలాలి. జతపరిచే ప్రశ్నల్లో నాలుగు జతలూ తేల్చక్కర్లేదు. కచ్చితంగా తెలిసిన ఒక్క జత పట్టుకుంటే తరచూ రెండు ఆప్షన్లు ఎగిరిపోతాయి.

తెలియనిదానికి గుడ్డిగా పెట్టొచ్చా? ఇది నా ఏరియా, లెక్క చెప్తా. ఒప్పుకి 4, తప్పుకి మైనస్ 1. ఏమీ తెలియకుండా పది ప్రశ్నలకి గుడ్డిగా పెడితే సగటున వచ్చేది రెండున్నర మార్కులు. అదృష్టం బాగోకపోతే పది పోతాయి. ఆ పాటి దానికి అంత టెన్షన్ వద్దని నా అభిప్రాయం. రెండు ఆప్షన్లు కచ్చితంగా కొట్టేయగలిగితే మాత్రం ఒక్కో ప్రశ్నకి సగటు ఒకటిన్నర, అప్పుడు వదలడం తప్పు. ఈఏపీసెట్‌లో అయితే నెగెటివ్ మార్కులే లేవు, అక్కడ ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకండి.

ఓఎంఆర్ షీట్ మీద బాల్‌పెన్‌తో దిద్దాక చెరపడం కుదరదు. అన్నీ చేసేసి చివర్లో ఒకేసారి దిద్దుదామనుకోవద్దు. ఒక పేజీ అయ్యాక ఆ పేజీవి దిద్దేసుకుంటే నంబర్ జారిపోదు. పరీక్ష మధ్యాహ్నం రెండింటికి కాబట్టి చివరి మాక్‌లు కూడా అదే టైమ్‌కి రాయండి. మొదటి రోజు పప్పన్నం, ఆవకాయ కడుపునిండా తిని కూర్చున్న చెల్లికి మూడింటికల్లా తల వాలిపోయింది. తర్వాతి రోజు నుంచి పిన్ని ఫోన్‌లో మెనూ మార్చేసింది.

ముందు రోజు రాత్రి తొమ్మిదికి కవలల నోట్‌బుక్ ఒక్కసారి తిరగేసి మూసేసింది. "ఇంకొంచెం చదవనా?" అని రెండుసార్లు అడిగింది. నిద్రపోతేనే చదివింది మెదడులో గట్టిపడుతుందని చెప్పి లైటు ఆపేశా. నిజం చెప్పొద్దూ, నాకే పట్టలేదు నిద్ర.

మర్నాడు సెంటర్ బయట ఎండలో బాబాయి, నేను మూడు గంటలు నిలబడ్డాం. ఐదు దాటాక గేటు తెరిచారు. చెల్లి వాటర్ బాటిల్ ఊపుకుంటూ వచ్చింది. ఎలా రాశావని అడగొద్దని ముందే ఒట్టు వేయించింది కాబట్టి ఇద్దరం నోరు మూసుకున్నాం. తనే అంది.

"అన్నయ్యా, 'సరికానిది' ఎన్నిసార్లు వచ్చిందో తెలుసా? గీతలు గీసి గీసి వేలు నొప్పి పుట్టింది."

బాబాయికి ఏమీ అర్థం కాలేదు. చెరుకు రసం తాగుదామా అన్నాడు.