చిన్న కెమెరా - దూరపు ఫ్లాషు

హైదరాబాదునుండి విజయవాడ పోవు రహదారిమీద సుమారు 50 కిలోమీటర్ల దూరమున చౌటుప్పల్ ఉన్నది. 2016 వరకు నల్లగొండ జిల్లాలో నున్న ఈ ఊరు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది. ఈ మండలములోని కొయ్యలగూడెము చిటికి నేతకు పేరుపొందిన గ్రామము. నూలును అక్కడక్కడ బిగించి కట్టి రంగులో ముంచి, కట్లు విప్పి, ఆ పిమ్మట మగ్గముమీద నేయుదురు. అందుచేత బట్టపై పూవుల అంచులు కొంచెము చెదరినట్లు కనబడును. ఆ చెదరుటయే అసలు నేతకు గుర్తు.

ఈ బట్టను దూరపు కొనుగోలుదారు మొదట చూచునది ఫోటోలోనే. మగ్గమున్న గదిలో వెలుతురు తక్కువ. చిన్న డిజిటల్ కెమెరాలోని ఫ్లాషు కటకమునకు ఆనుకొని యుండును. వెలుగు ఎదురుగా పడుటచే ప్రతి పోగు నీడయు దాని వెనుకనే దాగిపోవును. పడుగు, పేక కనబడక, నేసిన బట్టయు అచ్చువేసిన బట్టయు ఫోటోలో ఒక్కటే అగును. అదే ఫ్లాషును ప్రక్కన నుంచి ఏటవాలుగా వెలిగించినచో పోగుల నీడలు ప్రక్కకు పడి నేత స్పష్టపడును. కెమెరాకు దూరముగా నున్న ఫ్లాషును తీగ లేకుండ సకాలములో వెలిగించు సాధనమే వైర్‌లెస్ ట్రిగ్గరు. ఇందులో చవుకైనవి పలువిధములుగా దొరకుచున్నవి. కాని కెమెరాను చూడక ట్రిగ్గరును కొన్నవారి సొమ్ము వ్యర్థమగును.

సమయపాలన

ఫ్లాషులో ఒక కెపాసిటరు సుమారు 300 వోల్టుల వరకు విద్యుత్తును నింపుకొనును. ట్రిగ్గరు సంకేతము అందగానే అది జినాన్ వాయువున్న గాజుగొట్టముద్వారా ఒక్కసారిగా ఖాళీ యగును. పూర్తిశక్తితో వెలిగినను ఆ మెరుపు సెకనులో వెయ్యవవంతు ప్రాంతమున ముగియును. షట్టరు సెకనులో 125వ వంతు, అనగా 8 మిల్లీసెకనులు తెరచియుండినచో, మెరుపు ఆ వ్యవధిలోనే పడవలెను.

వెలుగైనను రేడియో తరంగమైనను సెకనుకు సుమారు 3,00,000 కిలోమీటర్లు పోవును. 3 మీటర్ల దూరమునకు పట్టునది సెకనులో పదికోట్లవ వంతు మాత్రమే. కనుక ఆలస్యము దారిలో లేదు. సంకేతమును గుర్తించు ఎలక్ట్రానిక్ వలయములలోనే ఉన్నది.

మొదట కెమెరా నెత్తిని చూడవలెను

కెమెరా పైభాగమున ఫ్లాషును దూర్చుటకు లోహపు గాడి కలదా? దీనిని హాట్ షూ అందురు. 2008 లో వచ్చిన కెనాన్ పవర్‌షాట్ జి10 వంటి కొన్ని చిన్న కెమెరాలకు ఇది కలదు. చవుకరకము కెమెరాలలో చాలవాటికి లేదు. గాడి యున్నచో దాని నడిమి లోహపుచుక్క షట్టరు తెరచుకొనిన క్షణమును విద్యుత్ సంకేతముగా అందించును. రేడియో ట్రిగ్గరు పనిచేయునది ఈ సంకేతముతోనే. గాడి లేని కెమెరాకు రేడియో ట్రిగ్గరును తగిలించు చోటే లేదు. దానికి మిగిలిన సులభమార్గము వెలుగే.

వెలుగు మార్గము

దూరపు ఫ్లాషుకు వెలుగును గుర్తించు చిన్న కన్ను ఉండును. దీనిని ఆప్టికల్ స్లేవ్ అందురు. కెమెరా ఫ్లాషు మెరయగానే ఫోటోడయోడులో విద్యుత్తు పుట్టి ఒక ఎలక్ట్రానిక్ మీటను మూయును. దూరపు ఫ్లాషు వెంటనే వెలుగును. నిలకడగా నుండు దీపపు వెలుగునకు ఈ కన్ను స్పందింపదు. వెలుగులోని ఆకస్మికమైన మార్పే దానికి సంకేతము.

ఇక్కడనే చిక్కు కలదు. డిజిటల్ కెమెరా అసలు మెరుపునకు ముందు చిన్న మెరుపు నొకదానిని పంపి, వస్తువునుండి తిరిగివచ్చు వెలుగును కొలుచుకొనును. కంటికి రెండును ఒక్కటిగానే తోచును. సాధారణ స్లేవ్ ఈ ముందు మెరుపునకే వెలిగి, షట్టరు తెరచునప్పటికి ఖాళీ యగును. ఫ్లాషు వెలిగినట్లు కన్నులార చూచినను ఫోటోలో దాని వెలుగుండదు. కొన్నవారు సాధనము చెడినదని తలతురు. నిజమునకు అది చెడలేదు, తొందరపడినది.

దీనికి మందు ముందు మెరుపును విడిచిపెట్టు డిజిటల్ స్లేవ్. యాంగ్‌నువో వైఎన్-560 వరుస ఫ్లాషులలో ఈ రెండు పద్ధతులు ఎస్1, ఎస్2 అను గుర్తులతో లోపలనే ఉన్నవి. ఎస్1 మొదటి మెరుపునకే వెలుగును. ఎస్2 ముందు మెరుపును వదలును. ఇట్టి ఫ్లాషు కొన్నవారికి వేరే ట్రిగ్గరుతో పనిలేదు. ఎర్రకన్ను నివారణ మెరుపులను మాత్రము కెమెరాలో ఆపివేయవలెను. లేనిచో లెక్క తప్పును.

సున్నము వేసిన గోడలున్న చిన్న గదిలో వెలుగు గోడలపైబడి తిరుగుటచే ఈ పద్ధతి చక్కగా సాగును. ఎండలో కన్ను సంకేతమును గుర్తింపలేదు. పెండ్లిపందిరిలో ఇతరుల ఫ్లాషులు దానిని వెలిగించును.

రేడియో మార్గము

గాడి యున్న కెమెరాకు రేడియో ట్రిగ్గరు మేలు. గోడ అడ్డమైనను ఎండ కాసినను అది పనిచేయును. 433 మెగాహెర్ట్జుల సాధనముల తరంగదైర్ఘ్యము సుమారు 69 సెంటీమీటర్లు, 2.4 గిగాహెర్ట్జులవానిది 12.5 సెంటీమీటర్లు. తరంగము చిన్నదగుటచే రెండవ రకమునకు పొట్టి ఏరియలు చాలును. 2400 నుండి 2483.5 మెగాహెర్ట్జుల వరకు గల పట్టీని తక్కువశక్తి సాధనములకు లైసెన్సు లేకుండ వాడుకొనుటకు భారత ప్రభుత్వము 2005 లో నియమములు చేసినది. జతలోని రెండు సాధనములను ఒకే ఛానలుపై నుంచవలెను.

ఫ్లాషుపై రెండు పరీక్షలు

చవుక ట్రిగ్గరు “వెలుగుము” అని మాత్రమే చెప్పును; ఎంత వెలుగవలెనో చెప్పదు. కనుక ఫ్లాషు శక్తిని పూర్తి, సగము, పావు అని చేతితో మార్చు వీలుండవలెను. దాని శక్తిని గైడు నంబరుతో కొలుతురు. ఐఎస్ఓ 100 వద్ద గైడు నంబరు 28 మీటర్లయినచో, ఎఫ్/8 ద్వారముతో వస్తువునకు 28 ÷ 8 = 3.5 మీటర్ల దూరమున ఫ్లాషు నుంచవలెను. దూరము రెట్టించినచో విలోమవర్గ నియమమునుబట్టి వెలుగు నాలుగవవంతగును.

రెండవది భద్రత. పాత ఫ్లాషులలో కొన్నింటి ట్రిగ్గరు కొనలమధ్య 200 వోల్టులకు మించి యుండును. అట్టిదానిని గాడిలో పెట్టినచో కెమెరా చెడిపోవచ్చును. కెమెరాయు ట్రిగ్గరును తాళగల వోల్టుల పరిమితిని వాటి పుస్తకములలో చూచుకొనవలెను. బ్యాటరీలు తీసినను కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండును గనుక విద్యార్థులు ఫ్లాషును విప్పరాదు.

కొనుటకు ముందు

దుకాణములోనే ఒక పరీక్ష చేయవచ్చును. కెమెరాను 125వ వంతు సెకనుపై నుంచి, దూరపు ఫ్లాషును ప్రక్కగా పెట్టి, చేనేత బట్ట నొకదానిని ఫోటో తీయవలెను. కెమెరా ఫ్లాషు వెలుగు బట్టమీద నేరుగా పడకుండ తెల్లని అట్టతో ప్రక్కకు మరల్చవలెను. దూరపు ఫ్లాషు వెలుగకున్నచో సంకేతము అందలేదు. వెలిగియు ఫోటోలో దాని వెలుగు లేకున్నచో చాలవరకు కారణము ముందు మెరుపే; ఎస్2 పెట్టి మరల చూడవలెను. పోగుల నీడలు ఒక ప్రక్కకు పడినచో ఆ జత కుదిరినట్లే.

విజ్ఞానసంఘమునకు కెమెరా కొన్న పాఠశాలకైనను, తన బట్టను తానే అమ్ముకొను నేతగానికైనను సూత్ర మొక్కటే. గాడి లేనిచో డిజిటల్ స్లేవ్ గల ఫ్లాషు ఒక్కటి చాలును. గాడి యున్నచో రేడియో జత కొనవచ్చును. ఖరీదు అడుగుటకు ముందు కెమెరా నెత్తిని ఒకసారి తడిమి చూచుట మంచిది.