పొలానికి చేరవలసిన మాట

వ్యవసాయ కళాశాల విద్యార్థులు చివరి సంవత్సరంలో కొంతకాలం పల్లెలో ఉండి, రైతుల వెంట తిరిగి పని నేర్చుకొంటారు. విత్తనాలు, ఎరువుల సంగతి అటుంచి, తమకు తెలిసినది రైతుకు తెలియజెప్పడం కూడా అక్కడ ఒక పాఠమే.

ఈ విద్యను చిన్నచూపు చూడరాదు. 1960ల దశకంలో తిరుచిరాపల్లి రేడియోలో ఏ.డి.టి. 27 అనే వరి వంగడాన్ని గురించి విని, తంజావూరు రైతులు దానిని విరివిగా నాటారు. 'రేడియో వరి' అని పేరు కూడా పెట్టారు.

మాట పొరబడితే నష్టమూ అంతే. హెక్టారు అంటే సుమారు రెండున్నర ఎకరాలు. హెక్టారుకని వ్రాసిన మందును రైతు ఎకరానికే చల్లితే పైరుకూ చేటు, డబ్బుకూ చేటు. కాబట్టి విద్యార్థి కరపత్రాన్ని ఎకరాలు, సెంట్ల లెక్కలోనే వ్రాయాలి. పిదప రైతుకు చదివి వినిపించి, ఏమి అర్థమైనదో అతని నోటనే చెప్పించుకోవాలి.

హోసూరు, కృష్ణగిరి వైపు పల్లెల్లో తమిళం, తెలుగు, కన్నడం మూడూ వినబడతాయి. బడిలో తమిళం చదివి, ఇంట తెలుగాడే మన పిల్లలు అక్కడ రైతుకు ఎంతో ఉపకరిస్తారు. ఆ తెలుగును ఇంట నిలుపవలసినది మాత్రం మనమే.