భృతి, కూలి, గంజిగిన్నె
“ఊరికే భృతి ఇస్తే పనికెవరొస్తారు?” అన్న మాట మా ఉపాధ్యాయుల గదిలో తరచు వింటాను. ఇది పాత ప్రశ్న. సహాయం పొందేవాడి బతుకు అట్టడుగు కూలీ బతుకుకన్నా హీనంగా ఉండాలన్నది ఇంగ్లండులో 1834 నాటి పేదల చట్టం సూత్రం. అప్పుడే ఎంత తక్కువ కూలికైనా మనిషి ఒప్పుకుంటాడు. డికెన్స్ ‘ఆలివర్ ట్విస్ట్’లోని గంజిగిన్నె ఆ సూత్రానికి రూపమే.

2020లో అమెరికా కొన్ని నెలలపాటు నిరుద్యోగ భృతికి వారానికి 600 డాలర్లు కలిపింది. 7.25 డాలర్ల కనీస వేతనంతో 40 గంటలు పనిచేస్తే వచ్చేది 290. అయినా ఆ భృతివల్ల ఉద్యోగాలు తగ్గింది స్వల్పమేనని తరువాతి పరిశీలనలు చాలావరకు తేల్చాయి.

భృతి ఉన్నవాడు కొన్నాళ్లు ఆగగలడు, నిజమే. ఆ ఆగడాన్ని సోమరితనంగా చిత్రించే కథకుడు యజమాని కళ్లతో చూస్తున్నాడు. కాదనే వీలుంటేనే కూలి బేరమవుతుంది. లేకుంటే అది వెట్టికి దగ్గర.